సర్ రొనాల్డ్ రాస్ - సికిందరాబాదు దోమ, రోమను ఎముక

చలిజ్వరాన్ని గురించి కొత్తగూడెం పాఠకులకు కొత్తగా చెప్పవలసినదేమీ లేదు. గోదావరి ఒడ్డు అడవులలో, భద్రాచలం మన్యంలో తరతరాలుగా మనుషులను కుదిపివేసిన జ్వరమది. తెలుగు ఇండ్లలో మన్యపు జ్వరమని, ఉర్దూ ఇండ్లలో జాడా బుఖారని, ఆసుపత్రిలో మలేరియా అని అంటారు. అది దోమకాటు వలన వస్తుందని నేడు ప్రాథమిక పాఠశాల బాలుడు కూడా చెప్పగలడు. ఆ రహస్యం మొదట తెలిసివచ్చినది మన సికిందరాబాదులోనని, కనుగొన్నవాడు సర్ రొనాల్డ్ రాస్ అని పాఠ్యపుస్తకాలలో రెండు వాక్యాలుంటాయి. ఆ రెండు వాక్యాలలో ఇమడని సంగతులు కొన్ని ఉన్నవి. రాస్ తన జీవితపు ఉత్తరార్ధంలో ఒక వింత ప్రశ్నను లేవనెత్తినాడు. ప్రాచీన గ్రీకు, రోమను నాగరికతలు క్షీణించుటలో ఈ జ్వరానికి ఏమైనా పాలు ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న. దానికి సాక్ష్యం ఆయన మరణించిన దాదాపు 70 ఏండ్లకు ఇటలీ సమాధులలో, ఒక పసిబిడ్డ ఎముకలో దొరికింది. ఆ సంగతిని, దానితోపాటు రాస్ పేరు చాటున మరుగుపడిన మనవారిని కొందరిని మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచినాము.

రాస్ 1857 మే 13న హిమాలయ పాదసీమలోని అల్మోరాలో జన్మించినాడు. అంతకు మూడు దినముల క్రితమే మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు చేసియున్నారు. తండ్రి ఆంగ్ల సైన్యాధికారి. పదిమంది సంతానంలో రొనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేండ్ల ప్రాయంలో చదువు కొరకు ఇంగ్లండుకు పంపబడినాడు. చిత్రలేఖనం, కవిత్వం, సంగీతం, గణితం - వీటిలో దేనినైనా ఇష్టపడేవాడు గాని వైద్యమును మాత్రం ఇష్టపడలేదు. తండ్రి మాటను కాదనలేక 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరినాడు. అక్కడ ఆయన శ్రద్ధ అంతంతమాత్రమే. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలం ఓడలలో వైద్యునిగా తిరిగి, ఎట్టకేలకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు వచ్చినాడు. నవలలు, పద్యాలు వ్రాసుకొనుచు, లెక్కలు చేసుకొనుచు మొదటి ఏండ్లు గడిపినాడు. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ భాగాన్ని కొంత ఊరటతో చదువుకొనవచ్చును.

1883లో బెంగుళూరులో ఉండగా జరిగిన ఒక చిన్న సంగతి చెప్పుకోదగినది. తన బంగళాలో దోమలు విపరీతంగా ఉండుట చూచి రాస్ వెదుకగా, కిటికీ బయట నున్న నీళ్ల పీపాలో వాటి పిల్లపురుగులు కదులుచు కనిపించినవి. పీపాను ఒంపించగానే దోమలు తగ్గినవి. మలేరియాకు, దోమకు సంబంధమున్నదని అప్పటికి ఆయనకు తెలియదు. నిలువనీరు తీసివేస్తే దోమ పోతుందన్న సంగతి మాత్రం మనసులో నాటుకున్నది.

మలేరియా అన్న మాట ఇటాలియన్ భాషలోనిది. చెడుగాలి అని దాని అర్థం. రోము నగరానికి దక్షిణాన వ్యాపించిన పాంటైన్ చిత్తడి నేలలనుండి లేచే దుర్గంధపు గాలియే జ్వరానికి మూలమని వేల ఏండ్లు నమ్మినారు. 1880 నవంబరులో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో సజీవమైన పరాన్నజీవిని చూచినాడు. ఆ పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి, దానిలోని రక్తవర్ణకాన్ని తిని, అరగని భాగాన్ని నల్లని రేణువులుగా మిగులుస్తుంది. బొగ్గు ఊరివారము గనుక, చూపు ఆనని బొగ్గునుసి వంటిదని మేము ఊహించుకొనవచ్చును. ఈ నల్లరేణువులను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ అంతా వాటిమీదనే ఆధారపడియున్నది.

రాస్ మొదట లావెరాన్ మాట నమ్మలేదు. 1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించి నమ్మకం కలిగించినాడు. మాన్సన్ అంతకు పూర్వమే చైనాలో బోదకాలు పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్నవాడు. మలేరియాకు కూడా దోమయే వాహనమని ఆయన ఊహ. అయితే దోమ నీటిలో పడి చనిపోతే ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకొన్నాడు. సగం నిజం, సగం పొరపాటు కలిసిన ఆ ఊహను మూటగట్టుకొని రాస్ 1895 ఏప్రిల్‌లో బొంబాయిలో దిగి, సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా వచ్చినాడు.

ఆ వేసవిలో అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తాన్ని దోమలకు పట్టించి, వాటిని కోసి చూచుటతో ఆయన పని మొదలైనది. లక్ష్మణ్ అనే మనిషి, దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటకు ఒప్పుకొన్నాడు. కొద్ది దినములకు అతనికి స్వల్పంగా జ్వరం వచ్చింది. తరువాత అదే నీరు త్రాగిన వారికి రాలేదు. నీటి సిద్ధాంతం అట్లా బలహీనపడింది. ఈనాడు ఇట్టి ప్రయోగాన్ని ఏ వైద్యమండలీ అనుమతించదు. ఆ మనుషులు ఒడ్డినది తమ ప్రాణాన్ని. ఏ శాస్త్రగ్రంథపు అట్టమీద కూడా వారి పేర్లు లేవు.

మధ్యలో రాస్‌ను కలరా నివారణకు బెంగుళూరు పంపినారు. 1897 వేసవిలో నీలగిరుల దిగువన సీగూరు కనుమలో తిరుగుచుండగా ఆయనకే మలేరియా సోకింది. కోలుకొని మరల సికిందరాబాదు చేరినాడు. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలలో ఆ ఆగస్టు నెల ఉక్క భరించరానిదిగా ఉండెను. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి, అందుచేత పంకా ఆపించినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి, అద్దం పగిలినది. రెండేండ్లుగా వందలకొలది దోమలను కోసి చూచినా ఫలితం శూన్యం. కారణం నేడు మనకు స్పష్టమే. ఆయన కోసినవన్నీ వేరు జాతి దోమలు. మలేరియాను మోసేది అనాఫిలిస్ జాతి. ఆ మాసంలోనే సహాయకులు పట్టి తెచ్చిన పిల్లపురుగులనుండి రెక్కలపై చుక్కలున్న కొత్తరకపు దోమలు పుట్టినవి.

ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ చుక్కల దోమలను లోపల విడిచినారు. రక్తం త్రాగిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున హుస్సేన్ ఖాన్‌కు ముట్టినది. ఆగస్టు 20న మిగిలిన దోమలలో ఒకదానిని కోసి, దాని జీర్ణకోశపు గోడను రాస్ అణువణువూ పరిశీలించినాడు. దాదాపు ఆశ వదలుకొనిన వేళ ఒక గుండ్రని కణం కనిపించింది. దాని లోపల నల్లని రేణువులు. దోమ శరీరంలో సహజంగా ఉండని రేణువులవి. మనిషి రక్తంలో లావెరాన్ చూచినవి అవియే. మరునాడు ఇంకొక దోమను కోయగా అట్టి కణాలే ఇంకా పెద్దవిగా పెరిగి కనిపించినవి. పరాన్నజీవి దోమలో బ్రతికి పెరుగుచున్నదని రుజువైనది. నేడు ప్రపంచమంతటా ఆగస్టు 20ని దోమల దినంగా పాటిస్తారు. ఆ డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసపు శీర్షికలో రెండు దోమల ప్రస్తావన ఉన్నది.

ఫలితం చేతికందిన వేళనే సర్కారు వారు రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసినారు. అక్కడ మలేరియా రోగులే అరుదు. ఉద్యోగంలో బదిలీల తీరు ఆనాడూ ఈనాడూ ఒక్కటే అనిపిస్తుంది. 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రయోగశాల లభించింది. అయితే ప్లేగు టీకాల భయంతో ప్రజలు సూదిని చూస్తేనే పారిపోవుచున్నారు. మనుషుల రక్తం దొరకక రాస్ పక్షుల మలేరియాను పట్టుకొన్నాడు. మొహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు రాత్రింబగళ్లు ఆయన వెంట ఉండి దోమలను, పక్షులను సమకూర్చినాడు. ఆ జూలైలో పరాన్నజీవి దోమ కడుపునుండి బయలుదేరి లాలాజల గ్రంథులకు చేరుట, అక్కడినుండి కాటుతో పక్షి రక్తంలో ప్రవేశించుట రాస్ కళ్లారా చూచినాడు. నీటిని త్రాగుట వలన కాదు, కాటు వలననే జ్వరమని తేలిపోయినది. అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మానవ మలేరియాను అనాఫిలిస్ దోమయే మోస్తుందని పూర్తిగా నిరూపించినారు.

ఇక్కడ రాస్ స్వభావంలోని ఒక మచ్చను చెప్పక తప్పదు. గ్రాసీతో ఆయన జీవితాంతం కలహించినాడు. 1902లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానం రాస్ ఒక్కనికే లభించినది. అయినా ఆ పగ చల్లారలేదు. గ్రాసీ కృషికి న్యాయం జరుగలేదనుటలో మాకు సందేహం లేదు. తనకు రావలసిన కీర్తిలో పైసా తగ్గకుండ లెక్కగట్టిన మనిషి, హుస్సేన్ ఖాన్‌లకు, మొహమ్మద్ బక్ష్‌లకు రావలసిన దానిని లెక్కగట్టలేదు. ఆ కాలపు దొరతనమే అట్టిదని సరిపెట్టుకొనువారు సరిపెట్టుకొనవచ్చును.

1899లో భారతదేశం వదలి, లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరిన రాస్, సియెరా లియోన్, సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా, మారిషస్ ద్వీపం మొదలైన చోట్ల దోమలపై యుద్ధం సాగించినాడు. 1906లో గ్రీసు దేశం వెళ్లుట ఆయన ఆలోచనను మరియొక దారికి మళ్లించినది. అక్కడ కోపాయిస్ అనే విశాలమైన చెరువును ఎండగట్టి సాగులోకి తెచ్చిన ఒక బ్రిటిష్ కంపెనీ, తమ పనివారు జ్వరాలతో పడిపోవుచున్నారని ఆయనను పిలిపించినది. కూలీలు మంచం పడితే కంపెనీకి కలిగే నష్టమెట్టిదో సింగరేణి ప్రాంతంవారికి వివరించనక్కరలేదు. రాస్ ఊళ్లలోని పిల్లల పొట్టలు తడిమి చూచినాడు. మాటిమాటికి మలేరియా వచ్చిన పిల్లలకు ప్లీహము ఉబ్బుతుంది. మన పెద్దలు కడుపులో బల్ల కట్టిందని చెప్పేది దానినే. ఆ ఊళ్ల పిల్లలలో అనేకులకు బల్ల ఉన్నది.

ఒకనాడు తత్త్వవేత్తలను, శిల్పులను కన్న నేల ఇంత నీరసించుటకు కారణమేమి అని రాస్ ఆలోచించినాడు. బయటనుండి వచ్చిన మలేరియా తరం తరువాత తరాన్ని పసితనంలోనే పీల్చివేసియుండవచ్చునని ఆయనకు తోచినది. కేంబ్రిడ్జిలో ప్రాచీన భాషల పండితుడైన జోన్స్‌ను ఈ విషయంపై పరిశోధింప ప్రోత్సహించినాడు. గ్రీసు, రోము చరిత్రలో మలేరియా పాత్రను గూర్చి జోన్స్ వ్రాసిన గ్రంథం రాస్ పీఠికతో 1907లో వెలువడింది. జోన్స్‌కు దొరికిన ఆధారాలన్నీ మాటలే. హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథాలలో దినం విడిచి దినం, రెండు దినములు విడిచి వచ్చే జ్వరాల వర్ణనలున్నవి. రోములో జ్వరదేవతకు గుడులుండెను. చిత్తడి నేలలలో కంటికి కనబడని సూక్ష్మజీవులుండి ముక్కు ద్వారా, నోటి ద్వారా శరీరంలో చేరుతాయని క్రీస్తుకు పూర్వమే వార్రో అనే రోమను పండితుడు ఊహించినాడు. ఇవన్నీ ఆకర్షణీయమైన ఆధారాలే. కాని పాతగ్రంథంలో జ్వరమన్న మాట కనిపించినంత మాత్రాన అది ఏ జ్వరమో చెప్పగలవారెవరు? చరిత్రకారులలో పలువురు ఆ వాదాన్ని అతిశయోక్తిగా త్రోసిపుచ్చినారు.

మాటలు తేల్చలేనిదానిని దేహాలు తేల్చగలవన్న సూచన మాత్రం ఆ రోజులలోనే వచ్చినది. 1910లో రఫర్ అనే శాస్త్రజ్ఞుడు ఈజిప్టు మమ్మీల ఎండిన మూత్రపిండాలను నానబెట్టి, సన్నని పొరలుగా కోసి, మూడువేల ఏండ్లనాటి బిల్హార్జియా పురుగు గ్రుడ్లను సూక్ష్మదర్శినిలో చూచినాడు. పురుగు గ్రుడ్లకు గట్టి పెంకు ఉంటుంది గనుక అవి నిలిచినవి. ఇట్టి పద్ధతిలోనే తరువాతివారు రోమను కాలపు మరుగుదొడ్ల మట్టిలో, సమాధులలో ఏలికపాముల గ్రుడ్లను, కొరడాపురుగుల గ్రుడ్లను గుర్తించినారు. 2016లో కేంబ్రిడ్జికి చెందిన పియర్స్ మిచెల్ ఆ ఫలితాలన్నింటిని సమీక్షించి, అంత పేరుపొందిన రోమను స్నానశాలలు, మురుగుకాలువలు ఉన్నా కడుపులోని పురుగులు తగ్గిన గుర్తులు కనబడలేదని చెప్పినాడు. పరిశుభ్రతలో ప్రపంచానికి గురువులని పేరుపొందినవారి గతి అది. మలేరియా జీవికి అట్టి పెంకు లేదు. రక్తం ఎండిపోగానే దాని రూపం నశిస్తుంది. దానిని వేయి సంవత్సరాల తరువాత పట్టుకొనుట ఎట్లు?

మన గనులలో బొగ్గుతో కూడ వచ్చే బండరాళ్ల పొరలలో కోట్ల ఏండ్ల నాటి గోండ్వానా చెట్ల ఆకులు అచ్చు వేసినట్లు కనిపిస్తాయి. ఆకు పోయినా గుర్తు ఉన్నది. ఎముకలలో, దంతాలలో కూడ అట్టి గుర్తు మిగులుతుంది. దంతం నడుమ ఒకప్పుడు రక్తం ప్రసరించినది కనుక, రక్తంలోని పరాన్నజీవి జన్యుపదార్థపు తునకలు అక్కడ చిక్కుకొని ఉండవచ్చును. ఒక చిన్న తునకను కోట్ల ప్రతులుగా పెంచే పద్ధతి 1980వ దశకంలో వచ్చిన తరువాత వాటిని చదువుట సాధ్యమైనది.

రోముకు ఉత్తరాన, టైబరు నది లోయలో, లుగ్నానో అనే ఊరి చెంత పాడుబడిన ఒక రోమను భవనమున్నది. అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుడు డేవిడ్ సోరెన్ 1988 నుండి అక్కడ త్రవ్వకాలు సాగించినాడు. క్రీ.శ. 5వ శతాబ్ది మధ్యకాలంలో ఆ గదులను పిల్లల శ్మశానంగా వాడినారు. 47 మంది పసికందులు, నెలలు నిండని పిండాలు బయటపడినవి. వారంతా కొద్దికాలంలోనే పూడ్చబడినట్లు మట్టిపొరలు తెలిపినవి. పక్కన కుక్కపిల్లల ఎముకలున్నవి. ఏదో భయంతో తల్లిదండ్రులు చేసిన తంత్రమని చెప్పుదురు. గర్భిణులకు మలేరియా వస్తే గర్భస్రావాలు కలుగుతాయి. అందుచేత ఇది మలేరియా పనియేనని సోరెన్ అనుమానించినాడు. 2001లో సుమారు మూడేండ్ల బిడ్డ ఎముకనుండి మలేరియాలలో అతి ప్రాణాంతకమైన ఫాల్సిపారం జాతి జన్యుపదార్థం దొరికినట్లు సాలరెస్, గొంజి అనే పరిశోధకులు ప్రకటించినారు. 2018లో అదే చోట పదేండ్ల ప్రాయపు బిడ్డ నోటిలో రాయి పెట్టి పూడ్చిన సమాధి బయటపడినది. చచ్చినవారు లేచివచ్చి రోగాన్ని అంటిస్తారని ఊరివారు జడిసియుందురు. ఆ రాయిని బిడ్డ నోటిలో ఉంచిన చేతులు ఎవరివో గాని, ఆ చేతుల వణుకును మేము ఊహించుకొనగలము.

2016లో మరింత దృఢమైన సాక్ష్యం వచ్చినది. దక్షిణ ఇటలీలోని వెలియా, వాన్యారి అనే చోట్ల క్రీ.శ. 1-2 శతాబ్దాలలో మరణించిన ఇద్దరు పెద్దవారి దంతాలనుండి కెనడాకు చెందిన మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు అదే ఫాల్సిపారం జన్యువులను చదివినారు. అనగా సామ్రాజ్యం పతనమగుటకు ఎంతోముందే, దాని వైభవ దినాలలోనే ఆ జ్వరం అక్కడ కాపురముండెను.

ఇందువలన రాస్ వాదం గెలిచినదా? గెలువలేదని మా అభిప్రాయం. ఒక ఊరి శ్మశానం ఒక సామ్రాజ్యపు పతనాన్ని నిరూపించజాలదు. ఇద్దరి దంతాలతో గ్రీసు క్షీణత తేలదు. రాస్, జోన్స్‌లు ఒక్క కారణానికి మోయలేని బరువు తగిలించినారు. అయితే రాజుల యుద్ధాలు, సంధులతోపాటు జ్వరాన్ని కూడ చరిత్రలో లెక్కించవలెనని పట్టుబట్టుటలో వారు తప్పు చేయలేదు. సాక్ష్యం చెప్పిన ఎముకలు చక్రవర్తులవి కావు, పేరులేని పిల్లలవి.

గ్రీసు ఊహకన్న రాస్ గణితమే ఎక్కువ మేలు చేసినది. మారిషస్‌లోని పనిలోను, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలోను ఆయన లెక్క వేసి ఒక సంగతి చూపినాడు. దోమలను ఆఖరుదాని వరకు చంపనక్కరలేదు. వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెచ్చి నిలిపితే జ్వరం తనంతట తానే సన్నగిల్లుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో ఏటా 7.5 కోట్లమంది మలేరియా బారినపడుచున్నారని, 8 లక్షలమంది మరణిస్తున్నారని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమై, 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగినవి. జాగ్రత్త సడలగానే 1976లో మరల 64 లక్షలకు ఎగబ్రాకినవి. హద్దు దాటనిస్తే ఏమగునో రాస్ లెక్క ముందే చెప్పినది.

ఆయన చివరి ఏండ్లు సుఖంగా గడవలేదు. 1914 ఆగస్టులో మహాయుద్ధం మొదలైన నెలలోనే పెద్దకుమారుడు ఫ్రాన్సులో హతుడైనాడు. 1926లో లండన్‌లోని పుట్నీలో ఆయన పేర పరిశోధనా సంస్థ వెలసినది. డబ్బుకు ఇబ్బందిపడి 1928లో తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టగా, లేడీ హ్యూస్టన్ అనే ధనికురాలు 2,000 పౌండ్లకు కొన్నది. అవి నేడు లండన్, గ్లాస్గో నగరాలలో భద్రంగా ఉన్నవి. 1931లో భార్య గతించినది. 1932 సెప్టెంబరు 16న తన పేరుతో వెలసిన ఆ సంస్థలోనే రాస్ కన్నుమూసినాడు.

1923లో అచ్చయిన స్వీయచరిత్రలో ఆయన హుస్సేన్ ఖాన్ పేరు వ్రాసిపెట్టినాడు. ఆ ఒక్క మేలు జరిగినందున ఆ పేరు మనవరకు వచ్చినది. బేగంపేటలోని ఆ వైద్యశాల భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రాస్ పేర పరాన్నజీవి శాస్త్ర సంస్థగా రూపొందింది. భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలెక్కి సికిందరాబాదులో దిగిన విద్యార్థికి బేగంపేట ఎంతో దూరం కాదు.